ఎన్ని వరుసలు విప్పవలెను?

పఠన భాగములు: మత్తయి 5:23, 24, లూకా 19:1–10



నేను 64 ఏండ్ల వయస్సున లేసు అల్లుట నేర్చుకొంటిని. ఈ మాట చదివి మా ప్రాంతమువారు నవ్వుదురేమో. నరసాపురము చుట్టుపట్ల పల్లెలలో పుట్టిన ఆడుబిడ్డకు లేసు రాదనుట, గోదావరి గట్టున పుట్టినవానికి ఈత రాదనుట వంటిది. నా చిన్నతనమున మా వీధి అరుగులమీద పదేండ్ల పిల్లలు సయితము సూది చేతబట్టి, కబుర్లు చెప్పుకొనుచునే పువ్వులు అల్లెడివారు. నేను చదువుకొని ఉద్యోగము చేయవలెనని మా తండ్రిగారు కోరిరి. అందుచేత నేను ఆ సూదిని ముట్టలేదు. ముట్టకపోవుట ఒక గొప్ప యని కూడ చాల కాలము అనుకొంటిని.

పోయిన యేడు మా సంఘపు స్త్రీల సమాజమువారు ఒక తీర్మానము చేసికొనిరి. కోతపండుగనాటికి ప్రభువు బల్లమీద పరచుటకు ఒక లేసు గుడ్డ సిద్ధపరచవలెను. దానిని అంగడిలో కొనక, సమాజములోని ప్రతి సహోదరియు తన చేతితో 12 పువ్వులు అల్లి తేవలెను. వాటినన్నిటిని అతికి ఒక్క గుడ్డ చేయవలెను. అందరును సంతోషముతో ఒప్పుకొనిరి. నేను మాత్రము తల వంచుకొంటిని. “మీ వంతు మేము అల్లి పెడతాం లెండి” అని చిన్నవారు దయతో అనిరి. ఆ దయ నాకు ముల్లువలె గ్రుచ్చుకొనెను. మరునాడు మా వీధి చివర నుండు ఒక పెద్దామె యింటికి వెళ్లి, “అక్కా, నాకు మొదటినుంచి నేర్పు” అని అడిగితిని. ఆమె నాకంటె ఆరేండ్లు పెద్దది. అరువది ఏండ్లుగా ఆ సూదిని విడువనిది. ఆమె నన్ను ఒక్క నిమిషము తేరిపార జూచి, “రండి పంతులమ్మగారూ, కూచోండి” అనెను. ఆ చూపునకు అర్థము నాకు అప్పుడు తెలియలేదు.

ఈ పని మన దేశపు పురాతనమైన పని కాదు. క్రోషె అను మాట ఫ్రెంచి భాషలోనిది. చిన్న కొక్కెము అని దానికి అర్థము. ఒక్క కొక్కెపు సూది, ఒక్క దారము, రెండు చేతులు – ఇంతకు మించి దీనికి ఏమియు అక్కరలేదు. మగ్గము వద్దు, కుట్టుమిషను వద్దు. అందుకే ఇది పేదల పని యాయెను. 1845 మొదలుకొని 1849 వరకు ఐర్లండు దేశములో ఉర్లగడ్డల పంటకు తెగులు సోకి ఘోరమైన కరవు వచ్చినప్పుడు, కొందరు దయగల స్త్రీలు అక్కడి బీదరాండ్రకు ఈ పనిని జీవనాధారముగా నేర్పిరి. క్లోన్స్ అను ఊరిలో 1847లో ఆ పనిని మొదలుపెట్టిన కసాండ్రా హాండ్ అను ఆమె ఒక సంఘ కాపరి భార్య. అక్కడ కూడ పువ్వులను, ఆకులను వేరువేరుగా అల్లి, పిమ్మట అతికెడివారు. మన గోదావరి తీరములో సయితము 19వ శతాబ్దములో మిషనెరీ స్త్రీలే బీద స్త్రీలకు లేసు పని నేర్పిరి. అది క్రమముగా పల్లె పల్లెకు ప్రాకి, సముద్రములు దాటి అమ్ముడుపోవు వర్తకమాయెను. 2024లో నరసాపురము క్రోషె లేసుకు భౌగోళిక గుర్తింపు కూడ లభించెను.

ఈ వృత్తాంతమంతయు పుస్తకములలో చదివి నేను ఎరుగుదును. బడిలో పిల్లలకు చెప్పితిని కూడ. అయితే చేతికి సూది వచ్చిన దినమున ఆ చదువు ఒక్క గొలుసు కుట్టుకైనను అక్కరకు రాలేదు.

మొదటి పాఠము దారము పట్టుకొనుట. దారమును ఎడమచేతి చిటికెనవ్రేలికి ఒక చుట్టు చుట్టి, చూపుడువ్రేలి మీదుగా పైకి తీయవలెను. కుడిచేత సూది. మొదట ఒక జారుముడి. సూదికి దారము చుట్టి, ఉన్న ఉచ్చులోనుండి లాగినయెడల క్రొత్త ఉచ్చు వచ్చును. అదే గొలుసు కుట్టు. వినుటకు ఇంతే. నేను 20 గొలుసులు వేయుటకు ఒక పూట పట్టెను. ఒకటి ఆవగింజంత, ఒకటి అలచందంత. దారము జారిపోవునేమో యను భయముతో బిగించి పట్టితిని గనుక, తిరిగి ఆ ఉచ్చులలో సూది దూరలేదు. అక్క నా చేతిని పట్టుకొని, “అంత గట్టిగా బిగబట్టకండి. దారం చేతిలోంచి నడవాలి. మీరు పట్టుకోవడం కాదు, దాన్ని పోనివ్వడం నేర్చుకోండి” అనెను. ముప్పదియైదేండ్లు పిల్లల చేతులు పట్టి అక్షరములు దిద్దించిన దానను. ఆ దినమున నా చేతిని మరియొకరు పట్టి దిద్దించిరి.

వారము దినములకు పొడుగు కుట్టు వచ్చెను. 20 కుట్ల వెడల్పున ఒక చిన్న పట్టీ అల్లుమని ఆమె చెప్పెను. ఏడు వరుసలు అల్లితిని. జూచుకొనగా అది పట్టీవలె లేదు. పైకి పోవుకొలది సన్నగిల్లి గోపురమువలె ఉండెను. లెక్కపెట్టితిని. 20 కుట్లు 17 అయినవి. సిగ్గుపడి, ఎవరికిని చెప్పక, ఎనిమిదవ వరుసలో మూడుచోట్ల ఒక్క రంధ్రములోనే రెండేసి కుట్లు వేసితిని. మరల 20 వచ్చెను. సంతోషముతో తీసికొనిపోయి చూపితిని.

ఆమె దానిని చాపమీద పరచి, చాప గీతల ప్రక్కన సరిచూచి, “లెక్క సరిపోయిందండి. గుడ్డ సరిపోలేదు” అనెను.

పిమ్మట నా తప్పు ఎక్కడ నున్నదో చూపెను. వరుస ముగిసి వెనుకకు తిరుగునప్పుడు 3 గొలుసులు పైకి వేయుదుము. ఆ మూడు గొలుసులే క్రొత్త వరుసకు మొదటి కుట్టుగా లెక్క. తరువాతి వరుస చివరకు వచ్చినప్పుడు ఆ గొలుసుల తలమీద తప్పక ఒక కుట్టు వేయవలెను. అయితే అది మిగిలిన కుట్లవలె కనబడదు; అంచున ఒదిగి సన్నముగా నుండును. క్రొత్తవారు అది కుట్టే కాదనుకొని విడిచిపెట్టుదురు. నేను రెండవ వరుసలోనే దానిని విడిచితిని. నాకు అది తెలిసినది ఏడవ వరుసలో. తప్పు జరిగినచోట అది కనబడలేదు. కనబడినచోట అది జరుగలేదు.

“ఇప్పుడేం చెయ్యాలక్కా? చివరి వరుస విప్పితే చాలదా?” అంటిని.

“తప్పు రెండో వరుసలో ఉంటే చివరి వరుస విప్పితే ఏం లాభం? తప్పున్న కాడికి వెళ్ళాలి” అని, ఆమె సూదిని తీసి దారపు కొసను నా చేతికిచ్చెను. “మీరే లాగండి.”

ప్రియులారా, క్రోషె పనిలో ఒక విశేషమున్నది. ఎన్ని వందల కుట్లు అల్లినను, ఆ యల్లిక యంతయు సూదిమీద నున్న ఒక్క ఉచ్చుతో నిలుచును. సూదిని తీసి దారము లాగినచో కుట్టు వెనుక కుట్టు ఊడి వచ్చును. ఎనిమిది దినములు అల్లినది రెండు నిమిషములలో ఊడిపోయెను. నా కన్నులలో నీళ్లు తిరిగెను. ఊడివచ్చిన దారము తిన్నగా లేదు. కుట్ల గుర్తులతో ఉంగరములు తిరిగి యుండెను. ఆమె దానిని చిలపగా చుట్టి, నీటిలో ముంచి, కొయ్యకు వ్రేలాడదీసెను. మరునాటికి అది చాలమట్టుకు తిన్నగా నాయెను. అదే దారముతో మరల మొదలుపెట్టితిని.

అప్పటినుండి నేను ప్రతి చిన్న లోపమునకు విప్పుట ఆరంభించితిని. ఒక కుట్టు వదులుగా నున్నను విప్పుదును. మూడు దినములు ఇట్లు జరుగగా పని ముందుకు సాగలేదు. అక్క నవ్వి చెప్పిన మాటలను నా నోటుపుస్తకములో వ్రాసికొంటిని. “వదులు కుట్టు వేరండి, తప్పిన కుట్టు వేరు. వదులు కుట్టుకి అందం తగ్గుతుంది, అంతే. చెయ్యి తిరిగితే అదే పోతుంది. దాన్ని విప్పుతూ కూచుంటే జన్మలో పువ్వు అవ్వదు. కుట్టు తప్పితే మాత్రం వదలకూడదు. పైన ఎంత అల్లితే అంత వంకర. ఇక దారం తెగిందనుకోండి, విప్పినా లాభం లేదు. ముడేసుకుని ముందుకెళ్ళాలి. ముడి కనపడుతుంది. కనపడనివ్వండి.”

వదులు కుట్టు, తప్పిన కుట్టు, తెగిన దారము. ఈ మూడింటిని వేరుపరచి చూచుటయే మనస్సాక్షికి కావలసిన విద్య యని నాకు తోచుచున్నది. మనలో కొందరు తమ ప్రతి బలహీనతకును కుమిలి కుమిలి, ఏ మంచి పనియు ముగింపలేరు. మరికొందరు పొరుగువానికి చేసిన అన్యాయమును సయితము బలహీనత యని పేరుపెట్టి, పైపైన అల్లుకొనుచు పోవుదురు. నేను ఈ రెండవ జాతిదానను. అది నాకు ఎట్లు తెలిసెనో వినుడి.

రెండు నెలలకు పువ్వు పట్టుబడెను. 6 గొలుసులను కలిపి ఒక వలయము చేసి, అందులో 12 పొడుగు కుట్లు వేసి, వాటిమీద ఆరు రేకులు. ఒక పువ్వుకు రమారమి 5 మీటర్ల దారము పట్టును. పువ్వు ముగియగానే దారము కత్తిరించి, మొదటి కొసను, చివరి కొసను సూదితో లోనికి దూర్చి, మిగిలినది కోసివేయవలెను. ఒక సాయంకాలము నేను అల్లిన పువ్వులను ముగించి, కొసలు కోసి, చాప దులిపితిని. తెల్లని దారపు ముక్కలు పిడికెడు వచ్చినవి. వాటిని పారవేయబోయి ఆగిపోతిని.

1982లో, నాకు ఇంకను బడిలో ఉద్యోగము రాకమునుపు, ఒక లేసు వర్తకునియొద్ద నేను కొంతకాలము లెక్కలు వ్రాసితిని. స్త్రీలకు దారము తూచి యిచ్చుటయు, అల్లిన పువ్వులు తూచి పుచ్చుకొనుటయు నా పని. అర కిలో దారమిచ్చినచో అర కిలో పువ్వులు రావలెను. నా త్రాసు సరియైనది. ఒక గింజంత మోసము చేయలేదు. ఆ సంవత్సరము వానకాలమున ఒక పడుచు తల్లి అర కిలో దారము తీసికొనిపోయెను. సంక్రాంతి వెళ్లిన తరువాత 800 పువ్వులు తెచ్చెను. తూచగా 25 గ్రాములు తక్కువ వచ్చెను. “ముక్కలు పోయాయండి” అని ఆమె చెప్పెను. నేను ఆమె మొగము చూడలేదు, ముల్లు చూచితిని. అక్కడ కూర్చున్న పదిమంది ఎదుట, “దారము దాచుకున్నావు” అంటిని. పుస్తకములో అట్లే వ్రాసి, కూలిలో 4 రూపాయలు తగ్గించితిని. అది ఆమెకు ఒక వారము కష్టమునకు మించినది. ఆ వర్తకుడు ఆరు నెలలవరకు ఆమెకు దారమివ్వలేదు. నేను న్యాయముగా లెక్కవేసితినని నలువది ఏండ్లకు పైగా నమ్మియుంటిని.

ఆ సాయంకాలము చాపమీద కూర్చుండి, దారపు ముక్కలను కొలిచి లెక్కవేసితిని. ఒక్కొక్క పువ్వుకు రెండు కొసలు కలిపి 15 సెంటీమీటర్లు పోవుచున్నవి. 5 మీటర్లకు 15 సెంటీమీటర్లనగా నూటికి మూడు పాళ్లు. అర కిలోకు 15 గ్రాములు. మిగిలిన 10 గ్రాముల మాట ఏమి? నూలు గాలిలోని తేమను పీల్చుకొనునని, వానకాలమున బరువెక్కి ఎండకాలమున తేలికపడునని నేనే బడిలో పిల్లలకు పాఠము చెప్పితిని. వానలో తూచి యిచ్చి, పొడిగాలిలో తూచి పుచ్చుకొంటిని. ఆమె ఒక్క మూర దారమైనను దాచుకొనలేదు.

దొంగ త్రాసు దేవునికి అసహ్యమని సామెతల గ్రంథము మనకు బోధించుచున్నది. నా త్రాసు దొంగ త్రాసు కాదు. తూచినది సరిగానే తూచినది. అయినను తీర్పు అబద్ధమాయెను. ఏలయనగా పని ఎరుగనిదానను పనికి తీర్పు తీర్చితిని. ఎరుగక చేసితినని నేను తప్పించుకొనవచ్చునా? ఎరుగక చేసినదానికిని మనుష్యుడు అపరాధియగునని లేవీయకాండము అయిదవ అధ్యాయములో కనబడుచున్నది. అంతేకాదు. ఎరిగినదానిని అడుగుటకు నాకు అవకాశముండెను. ఆమె నా యెదుటనే నిలిచి, ఉన్న సంగతి నాలుగు మాటలలో చెప్పెను. నేను వినలేదు. అంచున ఒదిగియున్న ఆ కుట్టు నా కంటికి కుట్టువలె కనబడలేదు.

జర్మనీ దేశపు మరియా మీస్ అను పండితురాలు నరసాపురపు లేసు స్త్రీలను గూర్చి 1982లోనే ఒక పుస్తకము ప్రచురించెను. లోకపు అంగళ్లకు సరకు నందించు ఈ స్త్రీలను ఇంటియందు ఊరక కూర్చున్నవారనియు, వారి పనిని తీరిక పని యనియు చెప్పుకొనుట యెంత అన్యాయమో ఆమె అందులో చూపెను. కొన్ని యేండ్ల క్రిందట ఆ సంగతి తెలిసినప్పుడు, వర్తకులను గూర్చి యెంత సత్యముగా వ్రాసెననుకొంటిని. నన్ను గూర్చి అనుకొనలేదు.

ఆ పడుచు తల్లి యెవరో మీరు ఈపాటికి గ్రహించియుందురు. ఆమె యింటి అరుగుమీదనే నేను రెండు నెలలుగా కూర్చుండి నేర్చుకొనుచున్నాను.

మరునాడు దారపు ముక్కలను కాగితములో చుట్టుకొని వెళ్లితిని. ఎట్లు చెప్పవలెనో తెలియక ఆ పొట్లము విప్పి ఆమె యెదుట పెట్టితిని. “అక్కా, ఆనాడు నువ్వు చెప్పింది నిజం. నేను వినలేదు” అంటిని.

ఆమె కొంతసేపు సూది ఆపలేదు. పిమ్మట, “మీకిప్పుడు గుర్తొచ్చింది. నేను మర్చిపోలేదండి” అనెను. కోపముగా అనలేదు, ఉన్నది ఉన్నట్లు చెప్పెను. “దారం లేక ఆ ఆరు నెలలూ పొలం పనికెళ్ళాను. చంటివాణ్ణి చూడ్డానికి మా పెద్దమ్మాయిని బడి మానిపించాను. మళ్ళీ అది బడికెళ్ళలేదు.”

నేను ఆ మరుసటి యేడే పంతులమ్మనైతిని. ముప్పదియైదేండ్లు ఊరి పిల్లలకు చదువు చెప్పితిని. ఒక పిల్ల బడి మానుటకు నేనే కారణమని యెరుగకయే చెప్పితిని.

నేను ధనము మాట యెత్తితిని. ఆమె చేయి అడ్డము పెట్టెను. “డబ్బు వద్దండి. ఆవేళ పదిమందిలో అన్నారు. పదిమందిలో చెప్పండి.”

ఇచ్చట ఒక ప్రశ్న యున్నది. దానికొరకే ఈ సంగతి వ్రాయుచున్నాను. నాకు మిక్కిలి కావలసిన ఒక సహోదరుడు, నా మేలుకోరి, ఇట్లనెను: “దేవుడు క్షమించినదానిని మనుష్యులు త్రవ్వరాదు. మీరు ప్రార్థనలో ఒప్పుకొంటిరి గదా. నలువది ఏండ్లనాటి మాట ఇప్పుడు సంఘములో చెప్పిన ఎవరికి లాభము?” ఈ మాట తేలికగా త్రోసివేయదగినది కాదు. మన క్షమాపణ మన క్రియలచేత కొనబడినది కాదని మనము నమ్ముచున్నాము. విప్పుటవలన పాపము పోవునని నేను చెప్పుట లేదు.

అయితే ఆలోచించుడి. నా పాపము దేవునియెదుట క్షమింపబడియుండవచ్చును. ఆమె పేరు ఇంకను ఆ పదిమంది నోట చెడియే యున్నది. నా భారము తీరుట వేరు, ఆమె భారము తీరుట వేరు. నేను ప్రార్థనలో ఏడ్చి లేచినప్పుడు నాకు తేలికయాయెను. అది చివరి వరుస విప్పుటయే. తప్పు రెండవ వరుసలో నున్నది. జక్కయ్య కృపను కొనుటకై నాలుగంతలు ఇచ్చెదనని చెప్పలేదు. ప్రభువు ముందుగానే అతని పేరు పెట్టి పిలిచెను, ముందుగానే అతని యింటికి వచ్చెను. కృప వచ్చినందుననే అతనికి లెక్క పుస్తకము విప్పు ధైర్యము కలిగెను. అన్యాయముగా తీసికొన్నదానిని మూలధనముతోకూడ అయిదవ వంతు కలిపి ఇవ్వవలెనని మోషే ధర్మశాస్త్రమున్నది. అతడు దానికి మించి చెప్పెను. నిజముగా క్షమింపబడినవాడు విప్పుటకు భయపడడు. దారము పోదని ఎరుగును.

బలిపీఠమునొద్ద అర్పణ తెచ్చినవానికి ప్రభువు చేసిన బోధ కూడ జ్ఞాపకము చేసికొనుడి. సహోదరునికి మనమీద ఏమైన ఉన్నదని అక్కడ జ్ఞప్తికి వచ్చినయెడల, అర్పణను అక్కడనే విడిచి, మొదట పోయి సమాధానపడవలెను. నా 12 పువ్వులు ఆయన బల్లమీద పరచబోవు గుడ్డకొరకైనవి. వాటిని ఎట్లు పట్టుకొనిపోదును?

ఆ గురువారము స్త్రీల కూటములో నిలిచి, ఉన్నది ఉన్నట్లు చెప్పితిని. దారపు ముక్కలను చూపి లెక్క కూడ చెప్పితిని. ఎందుకనగా నేను ఊరక దయగా మాటలాడుచున్నానని కాక, ఆమె నిజముగా నిర్దోషి యని వారు తెలిసికొనవలెను. పాతకాలపు లేసు స్త్రీలు నలుగురైదుగురు అక్కడ నుండిరి. వారిలో ఒకామె, “మా అందరికీ ముక్కలు పోయేవి. మా అందరికీ కోసేవారు” అనెను. నేను ఒక్క కుట్టు తప్పితిననుకొంటిని. విప్పిచూడగా వరుస వరుసయే తప్పియుండెను. వారిలో ఎవరెవరి కూలి నా చేతితో తగ్గించితినో నాకు జ్ఞాపకము లేదు. ఆ పుస్తకములు ఇప్పుడు లేవు. ఆనాడు ఆ మాట విన్న పదిమందిలో ఆరుగురు చనిపోయిరి. వారు ఆమెను దొంగ యనుకొనియే చనిపోయిరి.

ఇది తెగిన దారము. ఎంత లాగినను అక్కడికి చేరలేను. బడి మానిన ఆ పిల్లకు ఇప్పుడు ఏబదియేండ్లు దాటినవి. ఆమె చదువును నేను తిరిగి ఇవ్వలేను. ఆమె కుమారుని కుమార్తె సాయంకాలము మా యింటికి వచ్చి పాఠములు చదువుకొనుచున్నది. ఇది బాకీ తీర్చుట యని నేను అనుకొనుట లేదు. ఇది ముడి మాత్రమే. ముడి కనబడును. కనబడవలెను.

తీర్పు తీర్చువారికి ఈ సంగతిలో ఒక హెచ్చరిక యున్నది. మనలో కాపరులున్నారు, పెద్దలున్నారు, ఉపాధ్యాయులున్నారు, కూలివాండ్రను పెట్టుకొని పొలము చేయించువారున్నారు. మనము ఎన్నడును చేసి యెరుగని పనికి ప్రతి దినము వెల కట్టుచున్నాము. నాటు వేయు స్త్రీ నడుమునకు, బట్టలు ఉతుకువాని చేతులకు, మన యింట అంట్లు తోముదానికి మనము వేయు లెక్క సరిపోవుచుండవచ్చును. గుడ్డ సరిపోవుచున్నదా? అందరి పనియు మనము నేర్వలేము. అయినను, “ముక్కలు పోయాయండి” అని ఒకరు చెప్పునప్పుడు త్రాసు ముల్లును విడిచి వారి మొగము చూచుట మన చేతిలోనే యున్నది. మరియు ఎప్పుడైనను ఒక్కసారి, ఏ వయస్సునైనను, ఏమియు రానివారమై ఒకరి పాదములయొద్ద కూర్చుండి ఏదైన ఒక పని నేర్చుకొనుట మన ఆత్మకు మేలు. చేతకానివాని కష్టము చేతకానప్పుడే తెలియును.

కోతపండుగనాడు గుడ్డ పరచిరి. అతుకుపని యంతయు అక్కయే చేసెను. నా పువ్వులు ఎక్కడ నున్నవో కనిపెట్టుట కష్టము కాదు. అందులో రెండు కొంచెము ముడుచుకొనియున్నవి, ఒకదానిలో ముడి కనబడుచున్నది. వాటిని ఆమె అంచున దాచలేదు, నడుమను పెట్టలేదు. తన పువ్వుల ప్రక్కన పెట్టుకొనెను. ఎందుకని నేను అడుగలేదు, ఆమె చెప్పలేదు.

ప్రియ సహోదరీ, ప్రియ సహోదరుడా, నీ అల్లికలో ఏ వరుసలో కుట్టు తప్పినది? చివరి వరుసలో సర్దుకొనుచున్నావా? నీ వదులు కుట్లకొరకు కుమిలిపోకుము. చేయి తిరుగుటకు ప్రభువు కాలమిచ్చును. కాని తప్పిన కుట్టున్నచోటికి వెళ్లుటకు వెనుదీయకుము. అక్కడ ఒక మనుష్యుడో మనుష్యురాలో నిలిచియుండవచ్చును. వారు ఇంకను బ్రదికియున్నారేమో చూడుము. బ్రదికియున్నయెడల ఈ నెల దాటనియ్యకుము.